హసుయి బొమ్మలన్నీ హసుయే చెక్కాడా? ఎవరన్నారు?

మంచు కురుస్తోంది, వెనక ఎర్రటి గుడి ద్వారం, ముందు గొడుగు వంచుకుని నడుస్తున్న ఒక ఆడమనిషి. ఈ బొమ్మకి ఒక కథ తగిలించి తెగ తిప్పుతున్నారు. కథ ఇదీ: "జపాన్ చిత్రకారుడు కవాసే హసుయి పుట్టుకతోనే మేధావి. 600 పైచిలుకు ప్రకృతి దృశ్యాలు ఒక్కడే కూర్చుని చెక్క మీద చెక్కి, తన చేత్తోనే అచ్చేశాడు. 1923 భూకంపంలో సర్వం బూడిదైపోయింది, ఆ దెబ్బ నుంచి మళ్లీ కోలుకోలేదు. ఇప్పుడు మనం చూసేవన్నీ ఆయన పెయింటింగులకి కాపీలే."

నాకే నలుగురు పంపారు. బొమ్మ గురించి పేచీ లేదు, కథ గురించే.

భూకంపంతో మొదలుపెడదాం, ఎందుకంటే కథ రాసినాయన తగిలించిన బొమ్మే ఆయన మాటని కాదంటోంది. అది టోక్యోలో షిబా అనే చోట ఉన్న జోజోజి గుడి, అచ్చయింది 1925లో, అంటే భూకంపం వచ్చిన రెండేళ్లకి. హసుయి బొమ్మల్లో బాగా అమ్ముడైన వాటిల్లో అదొకటి. నష్టం మాత్రం నిజమే, 1923 సెప్టెంబర్ 1న వచ్చిన ఆ భూకంపం తర్వాత చెలరేగిన మంటల్లో హసుయి బొమ్మలు అచ్చేయించే ప్రచురణకర్త వతనబే షోజబురో దుకాణం, అందులోని అచ్చు చెక్కలు, అచ్చేసి పెట్టుకున్న కాగితాలు తగలబడిపోయాయి, హసుయి ఇల్లూ ఏళ్ల తరబడి నింపుకున్న స్కెచ్ పుస్తకాలూ కూడా పోయాయి. దాని తర్వాత ఆయనేం చేశాడు? వతనబే ప్రోత్సాహంతో కొత్త పుస్తకాలు పట్టుకుని 102 రోజులు ఊళ్లు తిరిగాడు, ఆయన చేసిన ప్రయాణాలన్నిటిలోకీ అదే పెద్దది. ఆయన మొత్తం పనిలో ఎక్కువ భాగం భూకంపం తర్వాతదే. (నాకైతే 1918-1923 మధ్యవే ఎక్కువ నచ్చుతాయి, వాటిలో ఒక మొరటు అందం ఉంటుంది. చెక్కలు కాలిపోయాయి కాబట్టి అవి దొరకడం కూడా కష్టమే.)

ఇక పుట్టు మేధావి సంగతి. 1883లో టోక్యోలో పట్టుతాళ్లు అమ్ముకునే ఇంట్లో పుట్టాడు, పెద్దవాళ్లు ఆ వ్యాపారమే చూసుకోమన్నారు. అది దివాలా తీశాక, 26 ఏళ్ల వయసులో, కబురగి కియోకత అనే జపాన్ సంప్రదాయ చిత్రకళ గురువు దగ్గరికి వెళితే 'ఇప్పుడు మొదలుపెట్టడానికి వయసు మీరిపోయింది, పాశ్చాత్య చిత్రకళ నేర్చుకో' అని పంపించేశాడు. అదీ నేర్చుకుని మళ్లీ వచ్చాక చేర్చుకుని, హసుయి అనే పేరు పెట్టింది ఆ గురువే. తోటి శిష్యుడు ఇతో షిన్‌సుయి వేసిన బివా సరస్సు దృశ్యాలు చూసి చెక్క అచ్చుల వైపు మళ్లాడు. మొదటి బొమ్మలు, షియోబర అనే ఊరి దృశ్యాలు, 1918లో వచ్చాయి. అప్పటికి 35 ఏళ్లు.

అసలు గొడవ 'ఒక్కడే చెక్కాడు, ఒక్కడే అచ్చేశాడు' అన్న దగ్గర. ఇది పూర్తిగా తప్పు, పైగా ఆయన ఏ బాటలో నడిచాడో దానికే ఎదురు. అప్పట్లో జపాన్‌లో చెక్క అచ్చు వేసేవాళ్లు రెండు రకాలు. గీసినవాడే చెక్కాలి, వాడే అచ్చెయ్యాలి అన్నది సోసకు-హంగ వాళ్ల మాట, 1904లో యమమోతో కనయే వేసిన జాలరి బొమ్మ దగ్గర మొదలైన దారి అది. హసుయిది రెండోది, షిన్-హంగ. ఇందులో పాతకాలపు పద్ధతిలోనే పని పంచుకుంటారు: గీసేది ఒకరు, చెక్కేది ఒకరు, అచ్చేసేది ఇంకొకరు, డబ్బు పెట్టి అందరినీ నడిపించేది ప్రచురణకర్త.

హసుయి ఊళ్లు తిరిగి స్కెచ్ గీసి, దానికి రంగులు వేసేవాడు. దాన్నిబట్టి తయారైన గీతల బొమ్మని చెర్రీ చెక్క మీద అతికించి, వెంట్రుకంత గీత మిగిలేలా చుట్టూ తవ్వేది చెక్కేవాడు. ఆ చెక్కతో తీసిన నలుపు అచ్చుల మీద ఏ రంగు ఎక్కడ రావాలో గుర్తులు పెడితే, వాటిని చూసి రంగుల చెక్కలు తయారయ్యేవి. అచ్చేసేవాడు తడి కాగితాన్ని చెక్క మూల ఉన్న గుర్తుకి ఆనించి, బరెన్ అనే వెదురు పొర చుట్టిన బిళ్లతో వెనక నుంచి రుద్దుతాడు. ఒక్కో రంగుకి ఒక్కోసారి. కాగితం పిసరంత జరిగితే అప్పటిదాకా పడ్డ శ్రమంతా వృథా. 1953లో ప్రభుత్వ సాంస్కృతిక కమిటీ ఈ పనిని రికార్డు చేయించాలని హసుయి చేత మళ్లీ జోజోజినే, ఈసారి ట్రామ్ కోసం మంచులో ఎదురుచూసే జనంతో, వేయించింది. ఆ ఒక్క కాగితం మీద 42 సార్లు అచ్చు పడింది.

మరి ఈ 'ఒక్కడే' కథ ఎక్కడ పుట్టిందంటే, నా అనుమానం యోషిద హిరోషి అనే ఇంకో చిత్రకారుడి మీద. ఆయన వతనబే దగ్గర మొదలుపెట్టి 1925 నుంచి సొంత స్టూడియో పెట్టుకున్నాడు, తన బొమ్మల అంచున 'జిజురి', అంటే 'స్వయంగా అచ్చేసింది', అని ముద్ర వేసేవాడు. అక్కడ కూడా పనివాళ్లు ఉన్నారు, ఆ ముద్రకి అర్థం తన పర్యవేక్షణలో జరిగిందని. హసుయి బొమ్మలు కొన్నిటిని దోయి అనే ప్రచురణకర్త వేశాడు, వాటి అంచు చూడండి, చెక్కినవాడి పేరూ అచ్చేసినవాడి పేరూ ముద్రలుగా కనిపిస్తాయి. వాళ్లే అంత మర్యాదగా పేర్లు వేస్తే మనం తుడిచేసి ఒక్కడికే కట్టబెట్టడం ఏం న్యాయం?

'కాపీలే' అన్నది కూడా తేల్చేద్దాం. హసుయి రంగుల స్కెచ్ మొదటి అడుగు, అంతే, పూర్తయిన పని కాగితం మీద అచ్చు పడ్డాకే పుడుతుంది. సంధ్యాకాశంలో ముదురు నీలం నెమ్మదిగా పలచబడే బొకషి ఉంది చూశారా, దాన్ని చెక్కలో చెక్కలేరు. చెక్కని తడిపి, రంగుని బ్రష్షుతో తేల్చి, ప్రతి కాగితానికీ మళ్లీ చెయ్యాలి. అందుకే ఒకే బొమ్మ రెండు ప్రతులు పక్కపక్కన పెడితే ఒకదాంట్లో చీకటి పడిపోతూ ఉంటుంది, ఇంకోదాంట్లో ఇంకా కాస్త వెలుగుంటుంది. ఒక్క విషయం ఒప్పుకోవాలి: ఆయన పోయాక కూడా మిగిలిన చెక్కలతో అచ్చులు వేశారు, కొనేవాళ్లు అంచున ఉన్న ప్రచురణకర్త ముద్ర చూసి ఏ కాలానిదో తేల్చుకుంటారు. అవి తర్వాతి అచ్చులు, పెయింటింగుకి కాపీలు మాత్రం కావు.

హసుయి 1957 నవంబర్‌లో పోయాడు. చివరి బొమ్మ హిరైజుమి అనే ఊళ్లోని కొంజికిదో అనే గుడి మందిరం: మంచు, మెట్లు, ఒంటరిగా వెళ్తున్న ఒక సన్యాసి. ఆయన ఉండగా అది పూర్తి కాలేదు. తర్వాత మిగతావాళ్లు పూర్తి చేసి, ఆయన సంస్మరణకి వచ్చినవాళ్లకి పంచిపెట్టారు.