ఇంజిన్ ఆపి దిగండి

నెల్లూరు వైపు ఎడగారు (రెండో పంట) దమ్ములు మొదలైతే చాలు, ఏ కయ్యలో చూసినా ఇదే సీన్. ట్రాక్టర్ వెనక మట్టిని కలియదున్నే రోటావేటర్‌కి గడ్డి చుట్టుకుంటుంది, డ్రైవర్ ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి దిగి చేత్తోనో కాలితోనో లాగబోతాడు. ఎందుకు ఆపలేదబ్బా అంటే బ్యాటరీ వీకు, మళ్ళీ స్టార్ట్ కాదంటాడు. మాకైతే అసలు సంగతి అది కాదనిపిస్తోంది. బాడుగ గంట లెక్క, గెనిమ మీద రైతు ఫోన్‌లో టైం చూసుకుంటా నిలబడి ఉంటాడు, ఆపిన అయిదు నిమిషాలు ఎవరి లెక్కలో పడాలనే పేచీ ఇద్దరికీ ఇష్టం లేదు, అందుకని ఎవరూ ఆపరు.

ట్రాక్టర్ ఇంజిన్ బలాన్ని రోటావేటర్‌కి అందిస్తా వెనక తిరిగే కడ్డీ, అదే పీటీఓ షాఫ్ట్, మామూలుగా నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకి 9. లుంగీ అంచో కండువా కొసో దానికి దొరికితే అయ్యో అనేంత టైం కూడా ఉండదు. దాని మీదికి ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది, గ్రీజు పెట్టడానికి అడ్డమొస్తుందని పీకి షెడ్డు మూల పడేసేది మనమే.

బురదలో దిగబడినప్పుడు ఇంకో తెలివి చూపిస్తారు. చక్రాలకి అడ్డంగా దుంగ కట్టి గేరేసి ఎక్సలేటర్ తొక్కుతారు, చక్రం కదలకపోతే ట్రాక్టర్ ముందు భాగమే పైకి లేచి డ్రైవర్ మీదికి తిరగబడుద్ది. ఇంకో బండి తెచ్చి లాగించుకుంటే నామోషీ ఏముంది?

పొదలకూరు నిమ్మతోటల్లో గడ్డి కోసే మిషన్లది వేరే కథ. చెప్పుల్తో, కళ్ళద్దాలు లేకుండా కోస్తారు, బ్లేడుకి తగిలిన గులకరాయి ఎటు లేస్తుందో తెలీదు, చుట్టూ 15 మీటర్ల లోపల మనిషి ఉండకూడదని చెప్తారు, మన దగ్గర పిల్లోళ్ళు పక్కనే నిలబడి చూస్తుంటారు. ఇక ట్రాలీలో కూలీల్ని ఎక్కించే సంగతి చెప్పక్కర్లేదు, 2020 మేలో ప్రకాశం జిల్లా రాపర్ల దగ్గర మిరపకోత కూలీల ట్రాక్టర్ కరెంటు స్తంభాన్ని గుద్ది కనీసం తొమ్మిది మంది పోయారు. ఆ తర్వాత కూడా ట్రాలీలు అట్టాగే నిండుతున్నాయి.

డ్రైవర్ని ఒక్కణ్ణే తిడితే పని జరగదు. గడ్డి తీసే టైం కూడా పనిలో భాగమే, ఆ నిమిషాల డబ్బు రైతే ఇచ్చుకోవాలి, దమ్ముకి ముందే అట్టా మాట అనుకోవాలి. (రైతులకి మా మీద కోపం వస్తుందని తెలుసు.) ప్రభుత్వం వైపు నుంచి చూస్తే 1983లోనే ప్రమాదకర యంత్రాల చట్టం ఉంది, కానీ అందులో పేరు పెట్టి చెప్పింది నూర్పిడి మిషన్నే, మిగతావి కేంద్రం నోటిఫై చేసి చేర్చొచ్చు. అది ఎప్పటికి తేలుద్దో గానీ, సబ్సిడీ మీద పనిముట్లు ఇచ్చేటప్పుడూ అద్దె కేంద్రాల నుంచి బండి బయటికి పంపేటప్పుడూ షాఫ్ట్‌కి తొడుగు ఉందా లేదా అని వంగి చూడటానికి ఏ నోటిఫికేషనూ అక్కర్లేదు, వచ్చే దమ్ముల లోపే మొదలుపెట్టొచ్చు.