మా ల్యాబ్ ఆటోక్లేవ్ గారి దివ్యసముఖానికి

మహారాజశ్రీ ఆటోక్లేవ్ గారికి,

తమరు క్షేమమని తలుస్తాను. మొన్న మధ్యాహ్నమంతా మూత పక్కనుంచి ఆవిరి వదులుతూ, ఒత్తిడి ముల్లును పది దగ్గరే నిలబెట్టి తమరు విశ్రమించిన వైభోగం కళ్లారా చూశాను. పదిహేను పౌండ్ల ఒత్తిడి, 121 డిగ్రీలు, 15 నిమిషాలు ఆవిరి పట్టి మా ఫ్లాస్కుల్లోని సూక్ష్మజీవుల్ని చంపడం తమరి పని. 1879లో పాశ్చర్ దగ్గర పనిచేసిన చాంబర్లాండ్ తమరి మూలపురుషుణ్ని తయారుచేసింది ఈ పనికోసమే. తమరికి గుర్తుచేసేంతదాన్ని కాదు లెండి.

ఇవాళ బ్యాక్టీరియాను వెచ్చగా పెంచే పెట్టె, ఇంక్యుబేటర్ తెరిచాం. మార్కరుతో 'కంట్రోల్' అని రాసిన ప్లేటు నిండా తెల్లగా, అంచులు ముడతలు పడిన బ్యాక్టీరియా కాలనీలు. తమరి ఆవిరిస్నానంలో చావకుండా మిగిలిన స్పోర్ల, అంటే వేడికి ఓర్చే బ్యాక్టీరియా బీజాల, సంతానం. "మేడమ్, ఏమీ వేయని ప్లేటులోనే ఎక్కువ వచ్చాయి. రికార్డులో ఏం రాయమంటారు?" అని ఒక పిల్ల అడిగింది. తమరే చెప్పండి, ఏం రాయమనను?

తమరి జబ్బు నాకు తెలుసు. మూత కింద రబ్బరు గ్యాస్కెట్ ఎండి పగిలింది. అది కొనాలంటే ఇండెంట్ పెట్టాలి, మూడు కొటేషన్లు తేవాలి. ఒక రబ్బరు రింగుకు లెటర్‌హెడ్ మీద కొటేషన్ రాసిచ్చే తీరిక ఏ షాపువాడికుంది? ఒకాయనైతే "రింగు ఊరికే ఇస్తాను, కొటేషన్ మాత్రం అడక్కండి" అన్నాడు. ఊరికే వచ్చిన వస్తువును స్టాకు రిజిస్టర్లో ఎక్కించడానికి వీల్లేదట! ఫైలు ఇంకా అకౌంట్స్ సెక్షన్‌లోనే ఉంది.

మైక్రోస్కోపు లెన్సులకు బూజు పట్టింది, సరే. కరెంటు పోయినప్పుడల్లా ఇంక్యుబేటర్ చల్లబడుతోంది, అదీ సరే. యూజీసీ 2014లో డిసెక్షన్లు ఆపించింది కాబట్టి కప్పలైనా మన చేతుల్లోంచి బయటపడ్డాయి.

కానీ నువ్వు! ఇక తమరూ గిమరూ లేదు. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వచ్చిన రోజు మాత్రం పెళ్లికొడుకులా పదిహేను చూపిస్తావు. ఆయన ఆటో ఎక్కగానే బుస్సుమంటావు. రిజిస్టర్లో నీ పేరు పక్కన 'వర్కింగ్ కండిషన్' అని రాసి ఉంది, సిగ్గులేదా? నిన్ను పనికిరావని కండెమ్ చేయాలంటే కమిటీ కూర్చోవాలి. నన్ను తీసేయాలంటే ఏప్రిల్లో రెన్యూవల్ ఆర్డరు రాకపోతే చాలు.

అందుకే మా ఇంటి కుక్కర్ తెచ్చాను. అదీ పదిహేను పౌండ్లే. దూది బిరడాలు పెట్టిన ఫ్లాస్కులకు పేపరు చుట్టి, రెండేసి చొప్పున దాంట్లో దించుతున్నాను. మా అటెండర్ వాసన చూసి "పప్పేనా మేడమ్?" అన్నాడు. న్యూట్రియంట్ అగర్, నాయనా, బ్యాక్టీరియాకు పెట్టే తిండి. ఇక దాంట్లో పప్పు వండేదీ లేదు, కొత్త కుక్కరుకు బిల్లు పెట్టుకునే దారీ లేదు.

సోమవారం రెండో బ్యాచ్ ఉంది. నువ్వు రానక్కర్లేదు.

ఇట్లు,
ల్యాబ్ కోఆర్డినేటర్ (కాంట్రాక్టు)