అమ్మ ఫోన్‌లో రెండు రోమింగ్‌లు

విదేశాలకు పోతున్నాం, ఏ ఈసిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోకే ఎక్కించుకునే సిమ్) తీసుకోవాలి అని ఎవరైనా అడిగితే వచ్చే జవాబు ఒకటే. ఏది చవక, ఎన్ని జీబీ. ఈ లెక్క మీద నాకు నిజంగానే కోపం ఉంది. మన తిరుపతి నుంచి ఒంటరిగా విమానం ఎక్కుతున్నవాళ్లలో ఎంతోమంది అమ్మలూ నాన్నలే. కూతురి కాన్పుకో, మనవడి పుట్టినరోజుకో పోతారు. వాళ్లకు జీబీలు ఎందుకు? దిగిన ఐదు నిమిషాలకు కొడుకు గొంతు వినపడితే చాలు.

పోయిన ఏడు మా అమ్మ సింగపూర్‌లో ఉన్న అన్న దగ్గరికి పోయింది. రేణిగుంట నుంచి నేరుగా విమానం లేదు కాబట్టి పుత్తూరు మీదుగా కారులో చెన్నై, అక్కడి నుంచి విమానం. ఈసిమ్ అన్నే ఆన్‌లైన్‌లో కొన్నాడు. క్యూఆర్ కోడ్ పంపితే కొర్లగుంటలో ఇంటి వైఫై మీద నేను ఎక్కించాను. బయల్దేరేటప్పుడు మేమిద్దరం పదిసార్లు చెప్పిన మాట: "అమ్మా, రోమింగ్ మాత్రం ఆన్ చేయొద్దు. బిల్లు వేలల్లో వస్తుంది."

అమ్మ మా మాట తూచా తప్పకుండా పాటించింది. సింగపూర్ చాంగీ ఎయిర్‌పోర్టులో దిగగానే సెట్టింగుల్లోకి పోయి, రోమింగ్ అని కనపడిన ప్రతిదాన్నీ ఆఫ్ చేసింది. మన సిమ్‌దీ, ఈసిమ్‌దీ కూడా.

తప్పు అక్కడే జరిగింది, అది అమ్మ తప్పు కాదు. ఇట్లాంటి ట్రావెల్ ఈసిమ్‌లు చాలావరకు మనం దిగిన దేశపు కంపెనీవి కావు. ఇంకో దేశపు కంపెనీది తీసుకొని మనం దిగినచోటి నెట్‌వర్క్ మీద నడిపిస్తారు. అంటే ఈసిమ్ పనిచేసేదే రోమింగ్‌లో. దానికి డేటా రోమింగ్ ఆన్‌లో ఉండాలి, మన సిమ్‌కు ఆఫ్‌లో ఉండాలి. ఒకే పేరుతో రెండు బటన్లు, ఒకటి ఇటు, ఒకటి అటు. కొన్నప్పుడు వచ్చిన సూచనల్లో మూడో లైన్‌లో ఈ సంగతి ఉంది, ఇంగ్లీషులో. తెలుగు ఒక్క ముక్క లేదు. మా అమ్మ పదో తరగతి తెలుగు మీడియం.

నలభై నిమిషాలు. బయట అన్న ఎదురుచూస్తా ఉన్నాడు. ఇక్కడ నా మెసేజ్‌కు ఒక్క టిక్కే. నాన్న బీపీ మాత్ర కూడా మరిచిపోయి వాకిట్లో తిరుగుతా ఉన్నాడు. అమ్మది నగరి పక్కన పల్లె, తమిళం బాగా వచ్చు. అక్కడ పనిచేస్తున్న ఒక తమిళావిడను అడిగి, పర్సులో డైరీ తీసి నెంబరు చూపిస్తే, ఆవిడే తన ఫోన్ నుంచి అన్నకు చేసి ఇచ్చింది. ఆ తల్లి చల్లగా ఉండాలి.

తిరుమలలో ఫోన్ డిపాజిట్ చేసి గంటల తరబడి క్యూలో ఉన్నా అమ్మకు టెన్షన్ ఉండదు. బయటికొచ్చాక ఎక్కడ కలవాలో ముందే అనుకుంటాం కాబట్టి. చాంగీలో ఏదీ అనుకోలేదు. ఫోన్ ఉంది కదా అన్న ధీమా.

కాబట్టి ధర తర్వాత చూడండి. ముందు ఫోన్ చూడండి. *#06# కొడితే ఈఐడీ అని పొడుగాటి నెంబరు వస్తే సాధారణంగా ఆ ఫోన్ ఈసిమ్ తీసుకుంటుంది. తక్కువ రేటు ఫోన్లలో చాలావాటికి ఆ సౌకర్యం ఉండదు. అమెరికా నుంచి కొడుకు పంపిన పాత ఫోన్ అయితే వేరే సిమ్ తీసుకోకుండా అక్కడి కంపెనీకి లాక్ అయి ఉందేమో కూడా కనుక్కోవాలి. లాక్ ఉంటే ఎంత మంచి ప్లాన్ కొన్నా దండగే.

ఇంకోటి, మన సిమ్‌ను ఆపేయొద్దు. ఇది మాత్రం గట్టిగా చెప్తాను. ఒకప్పుడు ఊరు దాటగానే సిమ్ తీసి, కుంకుమ పొట్లంలా కాగితంలో మడిచి పర్సులో పెట్టుకునేవాళ్లం. ఈసిమ్‌తో ఆ అవస్థ పోయింది, రెండూ ఒకేసారి నడుస్తాయి. అమ్మ అక్కడ ఉండగా ఇక్కడ గ్యాస్ సిలిండర్ వచ్చింది. తెచ్చినబ్బాయి కోడ్ చెప్పమన్నాడు. బుకింగ్ అమ్మ నెంబరు మీద. నాన్న వాట్సాప్‌లో చేస్తే, అమ్మ మెసేజ్ చూసి ఒక్కో అంకె చదివి చెప్పింది. బ్యాంకు ఓటీపీలూ అంతే. బయల్దేరే ముందే మన కంపెనీతో ఇంటర్నేషనల్ రోమింగ్ సర్వీసు ఆన్ చేయించి, తిరిగొచ్చేదాకా వ్యాలిడిటీ ఉండేట్టు రీచార్జ్ చేస్తే మెసేజ్‌లు వస్తాయి. వచ్చే మెసేజ్‌కు సాధారణంగా చార్జీ ఉండదు. వచ్చే కాల్ ఎత్తితే మాత్రం పడుతుంది, ఎత్తొద్దని చెప్పండి. వాట్సాప్ నెంబరు మార్చాలా అని అడిగినా వద్దనాలి, పాత నెంబరుతోనే నడుస్తుంది.

ప్లాన్ సంగతికొస్తే, ఎన్ని దేశాలకో చూడండి. ఒక శనివారం అన్నవాళ్లు అమ్మను మలేషియాలో జొహోర్ బాహ్రూకు తీసుకుపోయారు. మధ్యలో సముద్రం మీదున్న కాజ్‌వే రోడ్డు దాటగానే అమ్మకు నెట్ పోయింది, కొన్నది సింగపూర్‌కు మాత్రమే. రోజుల లెక్క ఎక్కించినప్పటి నుంచా, అక్కడి నెట్‌వర్క్ తగిలినప్పటి నుంచా అన్నది కూడా ఒక్కో ప్లాన్‌కు ఒక్కో రకం. అన్‌లిమిటెడ్ అన్నవాటిలో చాలావాటికి రోజుకో హద్దు ఉంటుంది, దాటితే వీడియో కాల్‌లో మనవడి ముఖం కదలదు. ఇక ఈసిమ్ డిలీట్ చేస్తే అదే కోడ్‌తో మళ్లీ ఎక్కకపోవచ్చు, దాని జోలికి పోవద్దనండి.

పోయిన నెల మా పిన్ని ప్రయాణం. ఈసారి సిమ్‌ల పేర్లు నేనే మార్చాను. మన సిమ్ "ఇల్లు", ఈసిమ్ "ఊరు". పెద్ద అక్షరాలతో తెలుగులో ఒక కాగితం రాసిచ్చాను: ఊరికి రోమింగ్ ఆన్, ఇంటికి ఆఫ్, నెట్ రాకపోతే ఫోన్ ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయి, అప్పటికీ రాకపోతే బయటి గేటు దగ్గరే నిలబడు, అక్కడికే వస్తారు. కింద ముగ్గురి నెంబర్లు, దేశం కోడ్‌తో సహా. దిగిన నాలుగు నిమిషాలకు పిన్ని నుంచి వాయిస్ మెసేజ్: "వచ్చేసినా నాయనా, ఊరు ఆన్ చేసినా." ఆ కాగితం ఎవరికైనా కావాలంటే అడగండి, ఫొటో పంపిస్తాను.