నాలుగో మూల

బావ కరీంనగర్ నుంచి వస్తున్నాడని హడావిడిగా కొత్త బెడ్‌షీట్ కొన్నాం. హన్మకొండ చౌరస్తాలో షాపు. మూలలకు ఎలాస్టిక్ ఉండి పరుపుకు తొడిగే రకం, ఫిట్టెడ్ అంటారట. "వెయ్యి థ్రెడ్ కౌంట్ సార్, పట్టు లెక్కుంటది" అన్నాడు షాపాయన. చదరపు అంగుళంలో పడుగూ పేకా కలిపి ఎన్ని దారాలున్నాయో అదే థ్రెడ్ కౌంట్. మన ఎండలకు, ఈ చెమటకు రెండు మూడొందలున్న కాటన్ చాలు. వెయ్యి అన్నారంటే చాలాసార్లు పోగులు కలిపి పేనిన దారంలో ఒక్కో పోగునూ విడిగా లెక్కేసి ఉంటారు. ఆ మాటే అంటే "మీది నేత పనా సార్?" అన్నాడు. కొత్తవాడ పోయి నేసినోళ్ల దగ్గరే మామూలు షీటు తెచ్చుకుందామని మా ఆవిడ ముందే అంది.

"ఒకసారి ఉతికి వాడండి, రంగు పోదు" అని కూడా చెప్పాడు. ఉతికాం. రంగు పోలేదు, పొడవు పోయింది. కాటన్ మొదటి ఉతుకులో నూటికి మూడు నుంచి ఐదు వంతులు కుంచించుకుపోవడం మామూలే. 78 అంగుళాల పరుపు మీద అది ఎంతవుతుందో ఆయన చెప్పలేదు.

మూడు మూలలు తొడిగాం. నాలుగోది లాగితే ఎదురు మూల ఊడుతుంది, మా ఆవిడ దాని మీద కూర్చుంటే ఇటుది ఊడుతుంది, చివరికి ఎట్లాగో ఎక్కించేసరికి పరుపు నాలుగు చెవులూ పైకి లేపి మమ్మల్నే చూస్తోంది. అప్పుడే బావ లోపలికొచ్చాడు. మా పెళ్లిలో తనకు మటన్ ముక్కలు తక్కువ పడ్డాయని ఇప్పటికీ ప్రతి పండక్కీ గుర్తుచేసే మనిషి, తెల్ల లుంగీ సర్దుకుని, "అబ్బ, మెత్తగుంది" అంటూ సరిగ్గా మధ్యలో వాలాడు. టప్ మని కాళ్ల దగ్గర ఒకటి. "ఏందది?" అని లేవబోయాడు, తల దగ్గర ఇంకోటి. లేవొద్దు బావా అనేలోపు మిగతా రెండూ కూడా వదిలి, నాలుగు దిక్కుల నుంచీ షీటు నడుమకు పరుగెత్తుకొచ్చి, బావ గర్జెలో నువ్వులపొడిలా లోపలుండిపోయాడు. లోపలి నుంచి మా అక్క పేరు వినిపిస్తోంది. మా ఆవిడ "అన్నయ్యా, కదలకండి" అంటూనే కొంగు నోట్లో కుక్కుకుంది.

షాపుకు పోతే "ఉతికినవి వాపస్ తీస్కోం సార్." ఉతకమంది నువ్వే కదయ్యా అంటే ఓ నిమిషం ఆలోచించాడు.

"పోనీ చిన్న పరుపు తీస్కోండి, పక్క షాపు మా తమ్మునిదే."