పావు శాతం దేశద్రోహం

జపాన్ అతిజాతీయవాదం ప్రస్తావన వచ్చినప్పుడల్లా మనం చెప్పుకునే కథ నాన్‌జింగ్ ఊచకోతతో మొదలై, పెర్ల్ హార్బర్ మీదుగా హిరోషిమా దగ్గర ఆగుతుంది. అందులో పాత్రలన్నీ పూనకం పట్టిన సైనికులే. అలాంటి కథ వినడం తేలిక, పూనకం పట్టినవాళ్లలో మన పోలికలు వెతుక్కోనక్కరలేదు కాబట్టి. ఆ చరిత్ర చదివినకొద్దీ నాకు సైనికుల మీద కంటే మర్యాదస్తుల మీద ఎక్కువ కోపం వస్తోంది. చక్రవర్తి పేరును పార్లమెంటులో చేతికర్రలా వాడుకున్న నాయకుల మీద, ఆ మాటలను పతాక శీర్షికలు చేసి అమ్ముకున్న పత్రికల మీద, హంతకుల ఉద్దేశం స్వచ్ఛమైనదని కరిగిపోయిన న్యాయస్థానాల మీద.

దేశాల యుద్ధనౌకలకు పరిమితి పెడుతూ 1930లో లండన్‌లో కుదిరిన నౌకాదళ ఒప్పందంతో ఈ వ్యవహారాన్ని మొదలుపెట్టాలి. అమెరికా బలంలో 70 శాతం తమకు కావాలని జపాన్ నౌకాదళం పట్టుబట్టింది. ప్రధాని హమగుచి ఒసాచి ప్రభుత్వానికి మొత్తం మీద దక్కింది 69.75 శాతం. భారీ క్రూయిజర్లనే పెద్ద యుద్ధనౌకల్లో వాటా సుమారు 60 శాతమే కాబట్టి నౌకాదళం అసంతృప్తి పూర్తిగా నిరాధారమైనదని నేను అనను. కానీ ఆర్థిక మాంద్యంలో పట్టు దారాల ధరలు కూలి రైతు కుటుంబాలు అల్లాడుతున్న ఏడాదిలో, కొత్త యుద్ధనౌకల ఖర్చు తప్పించిన ఆ బేరం చెడ్డదేమీ కాదు. ప్రతిపక్ష సెయూకాయ్ పార్టీ మాత్రం అందులో ఒక అవకాశం చూసింది. జపాన్‌లో అప్పుడు అమల్లో ఉన్న మేజీ రాజ్యాంగం 11వ అధికరణం ప్రకారం సైన్యాలపై సర్వాధిపత్యం చక్రవర్తిదే గనుక, నౌకాదళ ప్రధాన కార్యాలయం అభ్యంతరాన్ని కాదని సంతకం చేసిన ప్రభుత్వం చక్రవర్తి అధికారాన్నే అతిక్రమించిందని సభలో ధ్వజమెత్తింది. ఆ దాడికి ముందు నిలిచినవారిలో పార్టీ అధ్యక్షుడు ఇనుకాయి త్సుయోషి, అదే పార్టీ నాయకుడు హతొయామా ఇచిరో ఉన్నారు.

ఇనుకాయి మూర్ఖుడైతే ఇంత రాయవలసిన పని ఉండేది కాదు. 1890 నాటి మొదటి ఎన్నిక నుంచీ ఓటమి ఎరుగని సభ్యుడాయన. సైనిక ముఠాల చేతుల నుంచి పాలనను పార్టీల చేతికి తేవడానికి జీవితమంతా పోరాడినవాడు, ప్రవాసంలో ఉన్న చైనా విప్లవకారుడు సన్ యట్-సెన్‌కు అండగా నిలిచినవాడు. సైన్యం ఎన్నికైన ప్రభుత్వానికి లోబడి ఉండాలన్న సూత్రం ఆయనకు ఎవరూ నేర్పనక్కరలేదు. తెలిసీ, ఒక ప్రభుత్వాన్ని ఇరుకున పెట్టడానికి ఆ సూత్రాన్నే పక్కన పెట్టాడు. నన్ను బాధించేది ఆ తెలిసి చేయడమే.

ఆ ఏడాది నవంబర్ 14న టోక్యో స్టేషన్‌లో ఒక అతిజాతీయవాద యువకుడు హమగుచిని కాల్చాడు. ప్రధాని వెంటనే చనిపోలేదు. ఆసుపత్రిలో ఉన్న మనిషి సభకు వచ్చి జవాబు చెప్పి తీరాలని ప్రతిపక్షం పట్టుబడితే, మానని గాయంతో 1931 మార్చిలో సభకు వచ్చాడు, తర్వాత మళ్లీ మంచం పట్టి ఆగస్టులో కన్నుమూశాడు. మరుసటి నెల 18న, ఈశాన్య చైనా ప్రాంతమైన మంచూరియాలోని ముక్డెన్ దగ్గర జపాన్ సైనికాధికారులే తమ రైలు మార్గం కింద పేలుడు పెట్టి, నేరాన్ని చైనీయుల మీదికి నెట్టి దండయాత్ర ప్రారంభించారు. పట్టాలకు జరిగిన నష్టం ఎంత స్వల్పమంటే కాసేపటికే ఒక రైలు వాటి మీదుగా వెళ్లిపోయింది. ఘర్షణను విస్తరించబోమని టోక్యోలో ప్రభుత్వం ప్రకటిస్తూనే ఉంది, సైన్యం ముందుకు పోతూనే ఉంది. అంతకుముందు సైనిక వ్యయాన్ని విమర్శించిన పెద్ద పత్రికలు కూడా ప్రత్యేక సంచికలతో పోటీపడి వీరగాథలు అచ్చువేశాయి. యుద్ధవార్త అమ్ముడుపోయినట్టు సంపాదకుడి సందేహం అమ్ముడుపోదు.

1931 డిసెంబర్‌లో ఇనుకాయే ప్రధాని అయ్యాడు. చైనాతో తెరవెనుక సంప్రదింపులు జరిపి సైన్యాన్ని అదుపు చేయాలని చూశాడు. మంచూరియాలో సైన్యం నిలబెట్టిన కీలుబొమ్మ రాజ్యాన్ని గుర్తించడానికి తటపటాయించాడు. 1932 మే 15 సాయంత్రం యువ నౌకాదళ అధికారులు, సైనిక విద్యార్థులు ఆయన ఇంట్లోకి చొరబడ్డారు. 76 ఏళ్ల ఆ వృద్ధుడు వాళ్లను కూర్చోబెట్టి, మాట్లాడుకుంటే అర్థమవుతుందన్నాడు. మాటలు అనవసరం అని ఒకడు అరిచాడు, తుపాకులు పేలాయి. (అప్పుడు జపాన్‌లో అతిథిగా ఉన్న చార్లీ చాప్లిన్‌ను కూడా చంపాలని కుట్రదారులు ముందు ఆలోచించారు. హత్య జరుగుతున్న వేళ ఆయన ప్రధాని కుమారుడితో కలిసి సుమో పోటీలు చూస్తున్నాడు.)

హత్య కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది ఆ తర్వాతి విచారణ. పేద రైతుల కోసం, అవినీతిపరుల నుంచి దేశాన్ని కాపాడటం కోసమే చేశామని నిందితులు బోనులో నిలబడి ఉపన్యసిస్తే పత్రికలు వాటిని పేజీల కొద్దీ వేశాయి. క్షమాభిక్ష కోరుతూ లక్షల సంతకాలతో విన్నపాలు వచ్చాయి, కొన్నింటిలో సంతకాలు రక్తంతో చేసినవి. దేశ ప్రధానిని చంపిన సైనికుల్లో ఒక్కరికీ మరణశిక్ష పడలేదు. సైనిక విద్యార్థులకు నాలుగేసి ఏళ్లు, నౌకాదళంలో ముఖ్యులకు 15 ఏళ్లు వేసి, వాళ్లనూ అంతకు చాలా ముందే విడిచిపెట్టారు. ఉద్దేశం స్వచ్ఛమైతే చేతికి అంటిన నెత్తురు కూడా స్వచ్ఛమైపోతుందన్న తీర్పు ఇది. 1936 ఫిబ్రవరి 26న దాదాపు 1,400 మంది సైనికులతో రాజధానిని ఆక్రమించి, 81 ఏళ్ల ఆర్థికమంత్రి తకహాషి కొరెకియోను పడకగదిలో చంపిన అధికారులు ఆ పాఠం బాగా చదువుకున్నవాళ్లే. ఈసారి మరణశిక్షలు పడి కాల్చివేతలు జరిగాయి గాని, సైన్యం ముందు నోరెత్తే మంత్రివర్గం ఆ తర్వాత మిగల్లేదు.

ఇంత జరుగుతుంటే ఎవరూ హెచ్చరించలేదా అంటే, హెచ్చరించారు. 1933 ఆగస్టులో టోక్యో పరిసరాల్లో ఆర్భాటంగా వైమానిక రక్షణ విన్యాసాలు జరిగాయి. శత్రువు విమానాలు టోక్యో మీదికి రాగలిగాయంటే అప్పటికే మనం ఓడిపోయినట్టు, కొయ్య ఇళ్ల నగరం మీద బాంబులు పడితే కాలి బూడిదవుతుంది, ఈ తతంగం ఎందుకు అని నగానోలోని షినానో మైనిచి పత్రికలో సంపాదకుడు కిర్యూ యూయూ రాశాడు. అందులో ద్రోహమేముందో వెతికినా నాకు కనిపించదు, లెక్క మాత్రమే కనిపిస్తుంది. మాజీ సైనికుల సంఘం పత్రికను బహిష్కరిస్తామని బెదిరించింది, ఆయన ఉద్యోగం వదులుకోవలసి వచ్చింది. తర్వాత సొంతంగా నడుపుకున్న చిన్న పత్రిక సంచికలను ప్రభుత్వం పదేపదే నిషేధించింది. 1941 సెప్టెంబర్‌లో, పెర్ల్ హార్బర్‌కు మూడు నెలల ముందు ఆయన చనిపోయాడు. 1945 మార్చి 9 రాత్రి అమెరికన్ విమానాలు టోక్యో మీద నిప్పు కురిపిస్తే తెల్లవారేసరికి సుమారు లక్ష మంది చనిపోయారు.

జపాన్ ఆసియాను తెల్లవాళ్ల నుంచి విడిపించడానికే వచ్చిందని నమ్మే మిత్రులు నాకు ఇప్పటికీ ఉన్నారు. కొరియన్లను, చైనీయులను అడగమని అనను, అది దూరం. 1942 ఏప్రిల్ 6న ఆ విమోచకుల విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ రోజుల్లో విశాఖ వదిలి పల్లెలకు పోయిన కుటుంబాల్లో మాదీ ఒకటి. ఎవరి విముక్తి కోసం పరుగెత్తామో మా మామ్మకు చివరిదాకా తెలియలేదు.

చైనాతో పోరు మూడో ఏడు నడుస్తుండగా, 1940 ఫిబ్రవరి 2న సైతో తకావో అనే సభ్యుడు పార్లమెంటులో లేచి, పవిత్ర యుద్ధమన్న అందమైన పేరు చాటున ప్రజల త్యాగాన్ని దాచిపెట్టడం మాని, ఈ యుద్ధాన్ని ఎప్పుడు, ఎలా ముగిస్తారో చెప్పమని అడిగాడు. ఆ ప్రసంగంలో దాదాపు మూడింట రెండు వంతులు సభా రికార్డుల నుంచి తొలగించారు. మార్చిలో ఆయన్ని సభ నుంచి బహిష్కరించడానికి ఓటు పెడితే, అనుకూలంగా 296, వ్యతిరేకంగా 7 వచ్చాయి. మిగిలినవాళ్లు ఓటు వేయకుండా తప్పుకున్నారు. నేను ఎక్కువగా ఆలోచించేది వాళ్ల గురించే. తప్పని తెలిసినవాళ్లు ఆ తప్పుకున్నవారిలో చాలామందే ఉండి ఉంటారు, పదేళ్ల కిందట ఇనుకాయికి తెలిసినట్టే.

1942లో ప్రభుత్వం తన అభ్యర్థులను తానే సిఫార్సు చేసి ఎన్నికలు జరిపింది. సిఫార్సు లేకుండా పోటీ చేసిన సైతోను హ్యోగో ఓటర్లు గెలిపించి అదే సభకు తిప్పి పంపారు.