కాలికి బుద్ధి చెప్పబోయి

శ్రీయుత ఎడమ పిక్కగారికి,

ఇన్నేళ్ళూ మిమ్మల్ని 'నువ్వు' అనే అన్నాను. అసలు పలకరించిందెప్పుడు లెండి, అర్ధరాత్రి పట్టేస్తే తిట్టుకోవడం తప్ప! బైపాస్ అయి 4 వారాలైంది. ఈ నాలుగు వారాల్లో మీ హోదా పెరిగిన తీరు చూశాక బహువచనంలోకి మారడమే క్షేమమనిపించింది.

ముందు నా ఫిర్యాదు వినండి. కోసింది ఛాతీని. రొమ్ము ఎముకని నిలువునా చీల్చి, పనయ్యాక స్టీలు తీగలతో బిగించారు. మరి ఇవాళ పొద్దున మంచం దిగుతుంటే కెవ్వుమన్నదెవరు? మీరు. గుండె మాత్రం నోరు మెదపకుండా తన పని తాను చేసుకుపోతోంది. చూడ్డానికొచ్చిన వాళ్ళంతా "గుండె ఎలా ఉంది?" అనే అడుగుతున్నారని మీ ఉక్రోషం.

మీ వాదన నాకు తెలుసు. చీలమండ లోపలి వైపు నుంచి గజ్జ దాకా పాకే సిర, ఒంట్లో అన్నిటికన్నా పొడవైనది, మీ పక్క నుంచే పోతుంది. అందులోంచి ముక్క తీసి గుండెకి కుట్టారు. మోకాలికీ బోడిగుండుకీ ముడిపెడుతున్నావని జనం వెక్కిరిస్తారు గానీ, ఈ సర్జన్లు మోకాలికీ గుండెకీ నిజంగానే ముడివేశారు, అదీ దారంతో! 1967లో క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో రెనె ఫవలోరో అనే అర్జెంటీనా సర్జన్ ఈ పద్ధతిని నిలబెట్టాడు. అప్పట్నుంచీ మీ జాతికి కునుకు లేదు. పైగా లోపలి కవాటాలు రక్తానికి అడ్డం పడకుండా ఆ ముక్కని తిరగేసి మరీ కుడతారట. ఒప్పుకుంటాను, ఇచ్చింది మీ వైపు వాళ్ళే. కానీ ఇచ్చింది పూటపూటా గుర్తుచేసే దాతని ఏమంటారో మీకూ తెలుసు. సాయంత్రానికి వాచిపోవడం, కోత పక్కన చర్మం మొద్దుబారడం, ఇవన్నీ వడ్డీ కింద రాసుకున్నాను. కాలు మీద కాలేసుకుని కూర్చునే భోగం కూడా అందులోనే పోయింది. ఇప్పుడు పడుకుంటే దిండ్ల మీద, గుండె కన్నా ఎత్తులో తమరు, కింద నేను.

ఇది చాలదన్నట్టు ఫిజియోథెరపిస్టు వచ్చి మీకో బిరుదు తగిలించింది: 'రెండో గుండె'. అడుగేసినప్పుడల్లా మీరు బిగుసుకుని కాలి సిరల్లోని రక్తాన్ని పైకి తోస్తారట. నాకు మొదటి గుండె ఉందన్న సంగతే ఆపరేషన్ బల్ల మీద తెలిసింది. ఇంక రెండోదా!

అసలు చిక్కు కుర్చీ దగ్గర వచ్చింది. ఎముక అతుక్కునేదాకా, అంటే కనీసం 6 నుంచి 8 వారాలు, చేతులతో నొక్కి లేవకూడదు. దిండుని ఛాతీకి హత్తుకుని, కుర్చీ అంచుకి జరిగి, పాదాలు వెనక్కి లాక్కుని, ముందుకి వంగి తొడల బలంతో లేవాలి. పాదాలు వెనక్కి రావాలంటే చీలమండ వంగాలి. చీలమండ వంగాలంటే మీరు సాగాలి. అంటే నేను నా కుర్చీలోంచి లేవడానికి తమరి అనుమతి కావాలన్నమాట.

అందుకే రోజూ గోడ దగ్గర మీ దర్బారు. ముందు 5 నిమిషాలు నడిచి మిమ్మల్ని వేడెక్కించాలి. లేకపోతే పలకరించినా పలకరు. తర్వాత గోడకి చేతులు ఆనించాలి. ఆనించడమే, తోయకూడదు. ఎడమ కాలు వెనక, మడమ నేలని వదలకుండా, మోకాలు నిటారుగా. లాగినట్టు అనిపించాలి, నొప్పెట్టకూడదు, ఊగకూడదు. 30 దాకా లెక్క, అదీ పైకి. మనసులో లెక్కపెడితే ఊపిరి బిగబడతానని, బిగబడితే బీపీ ఎగబాకుతుందని ఆ ఫిజియోథెరపిస్టు భయం. ఆ పైన మోకాలు కాస్త వంచి మళ్ళీ 30. ఇది మీ కింద కాపురముండే సోలియస్ అనే తమ్ముడి, అంటే లోపలి పిక్క కండరం వాటా. నా లెక్క వినీ వినీ పక్కగదిలో మనవడు 29 దగ్గరే చప్పట్లు కొట్టేస్తున్నాడు.

నిన్న 17 దగ్గర నా మీద ఒంటికాలి మీద లేచారు. నేనూ ఒంటికాలి మీదే నిలబడ్డాను, వేరే దారి లేక. ఒకప్పుడైతే వ్యాయామం అన్న మాట వినబడగానే కాలికి బుద్ధి చెప్పేవాణ్ణి. అప్పుడు మీలో ఎక్కడలేని చురుకుదనం ఉండేది. పారిపోవడానికి ఉన్న పిక్కబలం గోడ దగ్గర నిలబడమంటే ఏమైపోయిందయ్యా నీకు? క్షమించాలి, పాత అలవాటు. మీకు.

ఒక్క విషయంలో మాత్రం బేరం లేదు. ఉన్నట్టుండి మీరు బాగా వాచి, ఎర్రబడి, వేడెక్కి, ముట్టుకుంటే నొప్పంటే దాన్ని అలక అనుకోను. ఆ పూట సాగదీయడం లేదు, మర్దనా లేదు, వెంటనే డాక్టరుకి ఫోను. రక్తం గడ్డకట్టిందో లేదో తేల్చాల్సింది ఆయన.

ఇట్లు,
మీ మీదే నిలబడ్డవాడు

తా.క.: ఈ ఉత్తరం కుడి పిక్కగారి కంటపడనీయకండి. తన సిర జోలికి ఎవరూ రాలేదని ఆయన మహా ధీమాగా ఉన్నారు. అది అక్కడ భద్రంగా ఉందని సర్జన్ కాగితం మీద రాసిపెట్టుకున్నాడు.