కుంచం కింద దీపం

మా పాలకొల్లు వైపు డిసెంబరు వచ్చిందంటే ఊరూరా మందిరాల మీద క్రిస్మస్ స్టార్లు వెలుగుతాయి. వెదురుబొంగులు కట్టి, పక్క ఊరి స్టార్ కంటే ఇంకో పది అడుగులు పైకి ఉండాలని కుర్రాళ్ళు పంతం పట్టి మరీ కడతారు. రాత్రిపూట కాలువ గట్టు మీద బండి మీద వస్తూ దూరంగా ఆ స్టార్ చూస్తే నాకిప్పటికీ చిన్నప్పటి సంతోషమే కలుగుతుంది, దాని మీద నాకే తగువూ లేదు. కానీ సరిగ్గా అవే రోజుల్లో మా దగ్గర సార్వా, అంటే తొలి పంట వరి కోతలు కూడా. స్టార్ వెలుగు పడే ఆ రోడ్డు మీదే ధాన్యం ఆరబోసి ఉంటుంది, పక్కనే కాటా పెట్టి ఉంటుంది. నేను మాట్లాడాలనుకుంటున్నది ఆ కాటా గురించి.

దీపం వెలిగించి ఎవరూ కుంచం కింద పెట్టరు అని ప్రభువు చెప్పిన మాట మనందరికీ కంఠతా వచ్చు. మత్తయి సువార్త 5వ అధ్యాయం. దీని మీద నేను విన్న ప్రసంగాలన్నీ దాదాపు ఒకటే చెప్పాయి: సిగ్గుపడకు, భయపడకు, ఆఫీసులో బైబిలు బయటికి తియ్యి, స్టేటస్‌లో వాక్యం పెట్టు అని. కుంచం అంటే ఏంటో ఎవరూ ఆగి చెప్పలేదు. మన గోదావరి వాళ్ళకి అది చెప్పాలా అసలు? నాలుగు మానికలైతే కుంచం. గ్రీకులో ఉన్న మాట మోదియోస్, అదీ ధాన్యం కొలిచే పాత్రే, సుమారు తొమ్మిది లీటర్లు పడుతుంది. తర్జుమా చేసినవాళ్ళు సరిగ్గా మన ఇంట్లో ఉండే వస్తువునే పెట్టారు. దీపాన్ని కప్పేవి ఎన్ని లేవు, దుప్పటి కావచ్చు, తలుపు కావచ్చు. అక్కడున్నది మాత్రం కొలత పాత్ర, అంటే మనం అమ్మడానికి, కొనడానికి, కూలి ఇవ్వడానికి వాడే వస్తువు. ప్రభువు ఆ ఉద్దేశంతోనే ఆ మాట వాడాడని నేను పండితుడిలా వాదించను. నా దీపం మాత్రం దాని కిందే ఆరిపోయింది, అందుకే నాకు ఆ మాట అలా తగిలింది.

కొన్నేళ్ళ క్రితం రెండు సీజన్లు నేను ఒక ధాన్యం వ్యాపారి దగ్గర గుమస్తాగా చేశాను. ఆయన మా సంఘంలో పెద్ద. ఆదివారం ముందు వరసలో కూర్చునేవాడు, కోతల పండగ వేలంలో గుమ్మడికాయని కూడా అందరికంటే ఎక్కువ పాడి కొనేవాడు. సోమవారం కాటా దగ్గర బస్తాకి రెండు కేజీలు తరుగు తీయించేవాడు. తేమ ఉందని, తాలు ఉందని, గోనె బరువని, ఏదో ఒకటి. నిజంగా తేమ ఉంటే తీయడం వేరు, ప్రభుత్వ లెక్కలో కూడా 17 శాతం దాటకూడదని ఉంది. ఎండలో నాలుగు రోజులు ఎండి గింజ కొరికితే టక్కుమనే ధాన్యానికీ అదే రెండు కేజీలు. ఆ తరుగు పుస్తకంలో రాసింది నేను. నా చేతిరాతే.

ఒక కౌలు రైతు ఉండేవాడు, పెద్దాయన, హిందువు. రెండెకరాలు మక్తాకి, అంటే పంటలో ఇంతని ముందే ఒప్పుకున్న కౌలుకి చేసేవాడు. ఆ ఏడు ఆయనకి 62 బస్తాలయ్యాయి. లెక్క రాసి, ఒకసారి చూసుకోండి బాబాయ్ అని పుస్తకం ఇవ్వబోతే, ఆయన చూడలేదు. "మీరు బైబిలు చదివేవాళ్ళు కదా అబ్బాయ్, మళ్ళీ చూసుకునే పనేముంది" అని వేలిముద్ర వేసి, కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు.

ఆయన తిట్టుంటే ఆ రోజే మర్చిపోయేవాడినేమో. ఆయన మన వెలుగుని నమ్మాడండీ. మన స్టార్‌నీ, మన పాటల్నీ, తెల్లవారుజామున మైకులో వచ్చే మన ప్రార్థననీ విని, వీళ్ళ దగ్గర లెక్క చూసుకోనక్కర్లేదు అనుకున్నాడు. ఆ నమ్మకాన్ని మేము బస్తాకి రెండు కేజీల చొప్పున తినేశాం. ఆ సాయంత్రం ఉపవాస కూటంలో నేనే ప్రార్థన చేశాను, ఊరి రక్షణ కోసం.

ఇది ఒక వ్యాపారి సంగతి అనుకోకండి. నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లే ఆడవాళ్ళని అడగండి. ఆ పని 19వ శతాబ్దంలో మిషనరీ స్త్రీలు నేర్పినది, బీదింటి ఆడవాళ్ళకి నాలుగు డబ్బులు చేతికొస్తాయని. మా పిన్ని కళ్ళు పాడయ్యేదాకా అల్లింది. ఆమెకి నెలల తరబడి డబ్బులు ఆపిన ఏజెంటు కూడా "వందనాలమ్మా" అంటూ గుమ్మంలోకి వచ్చే మనిషే. ఇక ఒకే ఊళ్ళో రెండు పేటలకి రెండు మందిరాలు ఎందుకున్నాయో, సమాధుల దగ్గర కూడా ఎవరి వైపు వాళ్ళదే ఎందుకో, మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఇదంతా ఒక అన్నతో అంటే, "క్రియల వల్ల రక్షణ లేదు బ్రదర్, కృప వల్లే" అన్నారు. నిజమే, నేనూ అదే నమ్ముతాను, నాలాంటివాడికి కృప లేకపోతే ఇంకేం దిక్కు. కానీ ప్రభువు అక్కడ చెప్పింది మన క్రియల్ని మనుషులు చూస్తారని, చూసి తండ్రిని మహిమపరుస్తారని. చూసేది ఎదుటివాడు. మన రక్షణ లెక్క అతనికి కనపడదు, కాటా ముల్లు కనపడుతుంది. ఇంకొకరు, మంచి చేస్తే కుడిచెయ్యి చేసేది ఎడమ చేతికి తెలియకూడదు కదా అన్నారు. అదీ నిజమే. అయితే కాటా సరిగ్గా తూయడానికి చాటింపు దేనికి? ఏనాటి కూలి ఆనాడు చేతిలో పెట్టడానికి ఫోటో దేనికి? ఎవరికీ చెప్పనక్కర్లేకుండానే తెలిసిపోయే పనులు అవి.

1836లో మన దేశం వచ్చి నరసాపురంలో సువార్త పని చేసిన మిషనరీలు విలియం బౌడెన్, జార్జి బీర్ పెద్ద చదువుల వాళ్ళు కాదు. ఒకాయనది రాతిపని, ఒకాయనది చెప్పులు కుట్టే పని. కాటన్ దొర విశ్వాసి అని మా రైతుల్లో ఎంతమందికి తెలుసో గానీ, 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నీళ్ళు తన చేలోకి వచ్చాయని ప్రతి రైతుకీ తెలుసు, అందుకే ఊరి సెంటర్లో ఆయన బొమ్మ ఉంది. ఆయన్ని దేవుణ్ణి చెయ్యాలని కాదు, ఆ రాళ్ళు మోసిన వేలమంది కూలీల పేర్లు ఏ బొమ్మ కిందా లేవు. నేననేది, నీళ్ళు రావడం జనం చూశారు అని.

నేను ఆ పని మానేసి చాలా కాలమైంది. మానేశాను కదా, క్షమాపణ అడిగాను కదా అని సరిపెట్టుకున్నాను. కానీ బైబిల్లో పన్నులు వసూలు చేసే జక్కయ్య సరిపెట్టుకోలేదు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. ఈ కోతల్లో కూర్చుని లెక్క వేశాను. 62 బస్తాలకి రెండేసి కేజీలు, 124 కేజీలు. 2025–26 మద్దతు ధర సాధారణ రకం క్వింటాలుకి 2,369 రూపాయలు, అంటే 2,938 రూపాయలు. నాలుగంతలైతే 11,750. తీసుకున్నది షావుకారు కదా, నువ్వెందుకు ఇవ్వాలి అంది మా ఆవిడ. రాసింది నేను అన్నాను. ఇంకేం మాట్లాడలేదు, బీరువా తాళం ఇచ్చింది.

పెద్దాయన పోయి రెండేళ్ళయిందట. ఆయన భార్య అరుగు మీద కూర్చుని కంది బేడలు చేటలో చెరుగుతోంది. మొత్తం చెప్పాను. చాలాసేపు ఆమె ఏమీ అనలేదు. తర్వాత, "ఆ ఏడు మక్తా కొలవడానికి బస్తాన్నర తక్కువైందయ్యా, నా దగ్గరున్న గింజలే పోశాం" అంది. డబ్బులు తీసుకుంది, లెక్కపెట్టుకుంది. నా ఎదురుగానే రెండుసార్లు లెక్కపెట్టుకుంది.

ఆ పుస్తకంలో నా చేతిరాతతో ఇంకా పంతొమ్మిది మంది రైతుల పేర్లున్నాయి. అందరికీ ఒకేసారి ఇచ్చే స్తోమత నాకు లేదు. సంక్రాంతి లోపు ఇద్దరికి, రెండో పంట దాళ్వా అయ్యాక ఇంకో ముగ్గురికి అనుకుంటున్నాను.